ఆడపిల్లలూ, ఆటగాళ్లూ

2025 ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి. ఆ రోజు సాయంత్రం మా పుట్టింట్లో ఒక యుద్ధం జరిగింది. రామరావణ యుద్ధం కాదు లెండి, తాతామనవళ్ల యుద్ధం.

పండగ కదా అని పిల్లవాణ్ని వెంటబెట్టుకుని నాంపల్లిలో మా అమ్మావాళ్లింటికి వెళ్లాను. మధ్యాహ్నం పానకం, వడపప్పు, చలిమిడి అన్నీ అయ్యాయి. సాయంత్రం ఏడున్నరకి ఉప్పల్ స్టేడియంలో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కీ, గుజరాత్ టైటన్స్‌కీ క్రికెట్ మ్యాచ్. పదమూడేళ్ల మావాడు నారింజరంగు చొక్కా తొడుక్కుని టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడి వెనక వాలుకుర్చీలో మా నాయన. మా అమ్మ మిగిలిన పానకం గ్లాసుల్లో సర్దుతోంది.

తొలి ఓవర్లోనే మన హెడ్ ఔటయ్యాడు. మావాడు "అయ్యో!" అని నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. తిరిగి చూస్తే మా నాయన!

"తాతా! నువ్వు ఎవరి సైడు?"

"బాల్ వేసినోడు ఎవడ్రా? సిరాజ్! మన పిల్లగాడు. మన పిల్లగాడు వికెట్ తీస్తే చప్పట్లు కొట్టొద్దా?"

కాసేపటికి అభిషేక్ శర్మని కూడా ఆ సిరాజే ఇంటికి పంపాడు. మళ్లీ చప్పట్లు. మళ్లీ మావాడి రుసరుస. ఆ రాత్రి సిరాజ్ 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. ఐపీఎల్‌లో అంతకుముందు ఎన్నడూ అంత బాగా వేసింది లేదు. మనవాళ్లు 152 చేస్తే గుజరాత్‌వాళ్లు 7 వికెట్ల తేడాతో హాయిగా గెలిచేశారు. మా అబ్బాయి పానకం ముట్టలేదు. మా నాయన మాత్రం రెండు గ్లాసులు తాగాడు.

మా అమ్మకి క్రికెట్‌లో ఓనమాలు రావు. అయినా ఆవిడే అసలు ప్రశ్న అడిగింది.

"మన పిల్లగాడే అంటిరి. మరి మనోళ్లనే ఎందుకు ఔట్ చేస్తుండు?"

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నవలలు రాసుకునేదానికి క్రికెట్ గొడవ ఎందుకని మీరు నవ్వుతారేమో! ఏం చెయ్యను, ఫతే మైదాన్ కేకలు వింటూ పెరిగినదాన్ని. మా గల్లీ చివర నిలబడితే స్టేడియం దీపాలు కనిపించేవి.

అసలు సంగతేమిటంటే, ఈ మొహమ్మద్ సిరాజ్ మన ఊరివాడు. తండ్రి ఆటో నడిపేవారు. గల్లీలో టెన్నిస్ బంతితో ఆడుతూ ఆడుతూ పైకొచ్చాడు. 2016–17 రంజీల్లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీసి అందరి కళ్లలో పడ్డాడు. 2017లో సన్‌రైజర్స్ వాళ్లే 2 కోట్ల 60 లక్షలు పెట్టి కొన్నారు. ఊరంతా పండగ చేసుకున్నాం. మరుసటి ఏడాది వేలంలో అదే 2 కోట్ల 60 లక్షలకి బెంగళూరు ఎగరేసుకుపోయింది. ఏడేళ్లు అక్కడే ఉన్నాడు.

2024 నవంబర్‌లో మళ్లీ పెద్ద వేలం వచ్చింది, సౌదీ అరేబియాలో జెడ్డా నగరంలో. బెంగళూరు వదిలేసింది. ఈసారి మన పిల్లవాడు మనింటికి వస్తాడని మావాడూ నేనూ టీవీకి అతుక్కుపోయాం.

ఈ వేలం ఎలా ఉంటుందంటారా? దసరా ముందు ఆబిడ్స్‌లో చీరలు కొన్నట్టే ఉంటుంది. ఒక్కో జట్టు సంచిలో 120 కోట్లు. అందులోంచి పాత ఆటగాళ్లను అట్టేపెట్టుకుంటే ఆ మేరకు కోత. మనవాళ్లు క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్‌కీ చెరో 14, విశాఖపట్నం కుర్రవాడు నితీశ్‌కుమార్ రెడ్డికి 6 ఇచ్చి అయిదుగురిని ఉంచుకున్నారు. ఖర్చు 75 కోట్లు. మిగిలింది 45. దాంతోనే తక్కిన జట్టంతా నింపుకోవాలి. ఎదురుగా ఫలానా చీర ఉందని తెలుసు, అది ఎప్పుడు బయటికి తీస్తారో, ఎవరెంత పాడతారో తెలీదు. మొదటి దుకాణంలో మనసు పారేసుకుంటే రెండో దుకాణంలో చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

అదే జరిగింది. ముందు మొహమ్మద్ షమీ పేరు వచ్చింది. 10 కోట్లకి మనవాళ్లు పాడుకున్నారు. గొప్ప బౌలరే, కాదనను. ఆ తర్వాత కాసేపటికే సిరాజ్ పేరు వచ్చింది. 12 కోట్ల 25 లక్షలకి గుజరాత్ తీసుకుపోయింది. మావాడు రిమోట్ సోఫా మీదికి విసిరికొట్టాడు. తీరా 2025లో షమీకి దక్కినవి ఆరే వికెట్లు. ఒక మ్యాచ్‌లో నాలుగు ఓవర్లకి 75 పరుగులిచ్చాడు, పాపం. ఆఖరి ఓవర్లలో బంతి పట్టుకుని గెలిపించేవాడు లేడే అని మేం తలలు పట్టుకుంటుంటే, అలాంటివాడు మన ఊళ్లో పుట్టి ఇంకో ఊరి చొక్కా తొడుక్కుని కనిపించేవాడు. మరి ఒళ్లు మండదూ?

ఆ రామనవమి రాత్రి నేనిలా ఏకరువు పెడుతుంటే మా నాయన వాలుకుర్చీలోంచి నవ్వాడు.

"నీకు ఇది ఏడేళ్ల ముచ్చట బిడ్డా. నాకు అరవై ఏండ్లది."

అప్పుడు తన ఇనప్పెట్టె తెరిపించాడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు కదా, మా నాయన నలభై ఏళ్లపాటు వారం తప్పకుండా అక్కడికి వెళ్లేవాడు. అందరూ నవలలు, గైడ్లు ఏరుకుంటే ఆయన పాత ఆటల పత్రికలు ఏరుకునేవాడు. ఆ పెట్టెలో ఉన్నది నగలూ కాదు, దస్తావేజులూ కాదు, మన ఊరు పోగొట్టుకున్న ఆటగాళ్ల చిట్టా. మా నాయన చెప్పినదీ, ఆ పెట్టెలో ఉన్నదీ, నేను తర్వాత చదువుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

ముందు ఆ మైదానం పేరే చూడండి. 1687లో గోల్కొండ కోటని ముట్టడించిన ఔరంగజేబు సైన్యం అక్కడ దిగిందనీ, గెలిచాక దానికి 'ఫతే మైదాన్', అంటే విజయ మైదానం, అని పేరొచ్చిందనీ చెబుతారు. విజయం ఎవరిది? బయటినుంచి వచ్చినవాళ్లది. ఓడింది మనం. మన ఓటమి పేరుతో ఉన్న మైదానంలో మూడు వందల ఏళ్లుగా మనమే ఆడుకుంటున్నామన్నమాట! 1955 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో హైదరాబాద్‌లో తొలి టెస్టు మ్యాచ్ అక్కడే జరిగింది. మన హైదరాబాదీ గులాం అహ్మద్ దేశానికి కెప్టెన్. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినా మా నాయన నోట ఇప్పటికీ అది ఫతే మైదానే.

కానీ మా నాయన చిన్నతనంలో ఈ ఊరి ఆట క్రికెట్ కాదు, ఫుట్‌బాల్. ఇవాళ చెబితే నమ్మడం కష్టం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్పులో కలకత్తావాళ్ల మోహన్ బగాన్‌నే ఓడించింది. ఆ జట్టుని తయారుచేసినవారు ఒక బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా చూసినవాళ్లకి గుర్తుండే ఉంటారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లినవారూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి బంగారు పతకం తెప్పించినవారూ ఆయనే. ఆ పతకం వచ్చేనాటికే కేన్సరు ఆయన్ని తినేస్తోంది. 1963 జూన్‌లో పోయారు.

ఆ రహీం సాబ్ కళ్లలో పడ్డ కుర్రవాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబం. హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు చెయ్యమంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. అద్దె సైకిలుకి రోజుకి రూపాయి రహీం సాబ్ తన జేబులోంచి ఇచ్చేవారని చెప్పుకుంటారు. రోజుకి రూపాయి! ఆ రూపాయి వృథా కాలేదు. ఇరవై ఏళ్లకి బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు.

ఆ మరుసటి ఏడాదే, 1957లో, కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతన్ని తీసుకుపోయింది.

"మేం పెంచితిమి, వాళ్లు తీస్కపోయిండ్రు," అంటాడు మా నాయన, అదేదో నిన్న జరిగినట్టు.

ఆ రోజుల్లో కలకత్తా ఫుట్‌బాల్‌లో ఏటా 'దల్‌బదల్' అని ఒక తంతు ఉండేది. ఆటగాళ్లు క్లబ్బులు మారే రోజులు. సంతకం అయ్యేదాకా ఎదుటి క్లబ్బువాళ్లు ఎత్తుకుపోకుండా ఆటగాణ్ని రహస్యంగా ఏ ఇంట్లోనో దాచి ఉంచేవారట. పెళ్లికూతుర్ని గౌరీపూజ దగ్గర కూర్చోబెట్టినట్టు! మనవాళ్ల వెనక కూడా వాళ్లు అలాగే పడేవాళ్లు. 1965లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్‌ని ఓడించి ఆంధ్రప్రదేశ్ కప్పు గెలుచుకుంది. మరుసటి ఏడాదికల్లా మన పదిహేడేళ్ల కుర్రవాడు మొహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్ చొక్కాలో ఉన్నాడు. సయ్యద్ నయీముద్దీన్ అదే బాట పట్టాడు. హబీబ్ తమ్ముడు అక్బర్ కూడా అటే. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన దేశం కంచు పతకం గెలిచినప్పుడు కెప్టెన్ నయీమ్, జట్టులో హబీబ్. 1977లో పేలే కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో ఆడితే, మోహన్ బగాన్ వేసిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. కలకత్తా అతన్ని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. మనం ఇక్కడ పేపర్లో చదువుకున్నాం.

ఇది వింటున్నప్పుడు నాకు మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని ఆవిడ తరచూ అనేది. చిన్నప్పుడు ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చేదో! కానీ ఈ ఊరి ఆటగాళ్ల కథ చూస్తే వాళ్లంతా ఆడపిల్లలే అనిపించింది. పెంచడం ఈడ, వెలగడం ఆడ.

అయితే మనం ఎప్పుడూ ఇచ్చేవాళ్లమేనా, తెచ్చుకున్నది లేదా? ఉంది సుమండీ. అదో వింత కథ.

1962లో మన క్రికెట్ జట్టు వెస్టిండీస్ వెళ్లి అయిదు టెస్టులూ ఓడి వచ్చింది. నారీ కాంట్రాక్టర్ తలకి బంతి తగిలి ప్రాణాలమీదికి వచ్చింది. మన బ్యాట్స్‌మెన్‌కి వేగం అలవాటు కావాలని క్రికెట్ బోర్డు నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను రప్పించి రంజీ జట్లకి పంచింది. హైదరాబాద్ వాటాకి వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్ట్. అంతకు మూడేళ్ల క్రితమే, 1959లో, మన దేశ పర్యటనలో తలమీదికి బంతులు విసురుతున్నాడని సొంత కెప్టెనే కోప్పడి ఇంటికి పంపేసిన మనిషి! అలాంటి అగ్గిపిడుగు మన చేతికి చిక్కింది. ఇక కప్పు మనదే అనుకున్నారట ఊరంతా.

ఏమైంది? కలకత్తాలో బెంగాల్‌తో మ్యాచ్‌లో పంకజ్ రాయ్ అనే మనిషి ఆ గిల్‌క్రిస్ట్‌కి ఎదురు నిలబడి రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. ఆ ఏడూ కప్పు బొంబాయికే వెళ్లింది.

పటౌడీ నవాబు కూడా ఢిల్లీ వదిలి మన జట్టుకి వచ్చాడు. దేశానికి కెప్టెన్ అయినవాడు ఇక్కడ మన జైసింహ కెప్టెన్సీలో ఆడాడు. అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, గోవిందరాజ్ అందరూ ఉన్నారు. అంతమంది మహామహులుండీ రంజీ కప్పు రాలేదు! 1937–38లో ఒకసారి గెలిచాం, మళ్లీ 1986–87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్‌గా గెలిచాం. మధ్యలో అంతా ఎదురుచూపే.

ఐపీఎల్ వచ్చాక 2008లో మన లక్ష్మణ్ కెప్టెన్‌గా డెక్కన్ చార్జర్స్ అట్టడుగున నిలిచింది. 2009లో దక్షిణాఫ్రికాలో అదే జట్టు కప్పు గెలిచింది. అప్పుడు కెప్టెన్ ఎవరనుకున్నారు? ఇంకో గిల్‌క్రిస్ట్, ఆస్ట్రేలియా ఆడమ్! "మొదటి గిల్‌క్రిస్ట్ బాకీ రెండో గిల్‌క్రిస్ట్ తీర్చిండు," అంటాడు మా నాయన. కోడలు ఎలాంటిదో పెళ్లినాడు ఎవరికి తెలుస్తుంది, సంసారం చేస్తేనే కదా!

కనుక బయటివాణ్ని తేవడం తప్పూ కాదు, మనవాణ్ని వదులుకోవడం మన ఊరికి కొత్తా కాదు. మరి ఈ బాధ ఎందుకు?

ఆ పెట్టెలో కాగితాలన్నీ చూశాక నాకొక సంగతి అర్థమైంది. పిల్లలు ఊరిమీద ప్రేమ లేక పోలేదు. బతుకుతెరువు ఎక్కడుంటే అక్కడికి పోయారు. సిటీ పోలీస్ జట్టు అన్నేళ్లు గెలిచిందంటే కారణం రహీం సాబ్ విద్య ఒక్కటే కాదు, ఆడేవాళ్లకి పోలీసు శాఖలో నెల జీతం వచ్చే కొలువు కూడా ఉండేది. కలకత్తా క్లబ్బులు అంతకన్నా ఎక్కువ చూపించాయి. అంతే, ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఆడపిల్లల సంగతే చూడండి. మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో పెరిగి, అక్కడే ఆట నేర్చుకుని, దేశాన్ని 2005లో, 2017లో రెండుసార్లు ప్రపంచకప్ ఫైనల్‌కి తీసుకెళ్లింది. కానీ దేశంలో జరిగే పోటీల్లో ఏళ్ల తరబడి ఆడింది రైల్వేస్ జట్టుకి. ఎందుకు? ఆడవాళ్ల ఆటకి ఉద్యోగం ఇచ్చి అన్నం పెట్టింది రైల్వేలు కనక. 2023లో ఆడవాళ్ల ఐపీఎల్ మొదలైతే, ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, ఉత్తరప్రదేశ్ పేర్లతో అయిదు జట్లు వచ్చాయి. హైదరాబాద్ పేరుతో ఒక్కటీ లేదు. మిథాలీ ఏ జట్టుకి సలహాదారుగా వెళ్లిందో తెలుసా? గుజరాత్‌కే! సిరాజ్‌ని వదులుకున్నామని టీవీ ముందు గింజుకున్నదాన్ని, మన మిథాలీకి మన ఊళ్లో చోటు లేకపోయిందని ఆ ఏడు ఒక్క పూటైనా గింజుకున్నానా? లేదు. నిజం ఒప్పుకోవాలి కదా. గెలిచాక 'మన పిల్ల, మన పిల్లగాడు' అనడానికి అందరం ముందుంటాం. గెలవకముందు అద్దె సైకిలుకి రూపాయి ఇచ్చేవాళ్లు ఎందరు? చప్పట్లతో ఎవరి కడుపూ నిండదు.

2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. "సూస్తివా, మళ్లీ పోలీసే!" అని మా నాయన ఎంత మురిసిపోయాడో. నేనూ మురిశాను. కాకపోతే ఆ ఉద్యోగం వచ్చింది అతను జగమెరిగినవాడయ్యాక. రహీం సాబ్ రూపాయి వచ్చింది బలరాం ఎవరో ఎవరికీ తెలియనప్పుడు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

బలరాం మళ్లీ ఇక్కడ కాపురానికి రాలేదు. ఊపిరితిత్తుల జబ్బు చేసి 27 ఏళ్లకే ఆట మానేసినా, కలకత్తా దగ్గర ఉత్తరపాడాలోనే ఉండిపోయాడు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. హబీబ్ మాత్రం ఆట ముగిశాక పుట్టిన ఊరికి తిరిగొచ్చాడు. అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పోయాడు. ఆ రెండు వార్తలూ మా నాయన కత్తిరించి పెట్టెలో ఒకదానిమీద ఒకటి పెట్టుకున్నాడు. ఒక పిల్ల అత్తింట్లోనే కలిసిపోయింది, ఇంకో పిల్ల పుట్టింటికి వచ్చి కన్నుమూసింది. ఎవరిది తప్పని చెబుతాం?

ఆ కత్తిరింపులు చూస్తుంటే నాకు 2003 గుర్తొచ్చింది. పెళ్లయి మద్రాసు కాపురానికి వెళ్తున్నాను. మావారి ఉద్యోగం అక్కడ. నాంపల్లి స్టేషన్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్. మా ఇంటినుంచి ఆ స్టేషన్‌కి నడిచే వెళ్లొచ్చు. రోజూ వినే రైలు కూత ఆ సాయంత్రం నాకోసమే వేసినట్టనిపించింది. అమ్మ ఏడ్చింది, పిన్ని ఏడ్చింది. నాయన మాత్రం ఏడవలేదు. కలకత్తావాళ్లని అన్నేళ్లు తిట్టిన మనిషి, ఆ రోజు మావారిని పల్లెత్తు మాట అనలేదు. కిటికీలోంచి ఉస్మానియా బిస్కట్ల పొట్లం అందించి, "మంచిగ ఆడు బిడ్డా," అన్నాడు. కంగారులో 'ఉండు' అనబోయి 'ఆడు' అన్నాడనుకున్నాను అప్పుడు. ఇరవై రెండేళ్ల తర్వాత, ఈ పెట్టె ముందు కూర్చుంటే, పొరపాటున అనలేదేమో అనిపించింది.

పన్నెండేళ్ల తర్వాత మేం మళ్లీ ఈ ఊరు వచ్చేశాం. వచ్చే అదృష్టం అందరికీ ఉండదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ, కథ ఇంకో నాలుగు నెలలు నడిచింది.

ఆగస్టు 4, శ్రావణ సోమవారం. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా, అమ్మకి చీర కొందామని ఆబిడ్స్ వెళ్లి, చీర పట్టుకుని నాంపల్లి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర అవుతోంది. నాయన టీవీ ముందు కదలకుండా కూర్చున్నాడు. లండన్‌లో ఓవల్ మైదానం, చివరి టెస్టు, ఆఖరి రోజు. ఇంగ్లండ్‌కి ఇంకా 35 పరుగులు కావాలి, మనకి 4 వికెట్లు కావాలి. ముందురోజు మన సిరాజే బ్రూక్ క్యాచ్ పట్టుకుని, వెనక్కి అడుగువేసి బౌండరీ తాడు తొక్కేశాడు. అప్పటికి 19 మీదున్న బ్రూక్ 111 దాకా వెళ్లాడు. ఆ రాత్రి దేశమంతా సిరాజ్‌నే ఆడిపోసుకుంది.

2020లో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడని తెలిసి కూడా ఇంటికి రాకుండా నిలబడి ఆడిన పిల్లవాడు. ఆ మాట గుర్తొచ్చి నాకు గుండె పీచుపీచుమంది. బంతి అతని చేతికిచ్చారు. మిగిలిన నాలుగులో మూడు వికెట్లు అతనే తీశాడు. ఆఖరి బంతి అట్కిన్సన్ కాళ్లదగ్గర పడి వికెట్‌ని గిరాటేసింది. మనం 6 పరుగుల తేడాతో గెలిచాం. ఆ ఇన్నింగ్స్‌లో అతనికి 5 వికెట్లు, సిరీస్ మొత్తంలో 23.

అప్పుడే బడినుంచి ఆటో దిగిన మావాడు సంచీ భుజాననే ఉండగా ఎగిరి తాత మెడకి చుట్టుకున్నాడు. నాలుగు నెలల యుద్ధం అలా ముగిసింది. వీధిలో ఎవరో టపాకాయలు కాల్చారు.

ఆ చప్పుడుకి వంటింట్లోంచి అమ్మ వచ్చింది. చేతిలో గరిటె. టీవీలో చేతులు చాచి పరుగెత్తుతున్న మనిషిని గుర్తుపట్టింది.

"గా రామనవమినాటి పిల్లగాడే కదా? ఇయ్యాల ఎవరి దిక్కు ఆడుతుండు?"

"మన దిక్కే అమ్మా," అన్నాను.

"ఇగ మంచిగైంది," అంటూ అమ్మ చక్కెర డబ్బా కోసం లోపలికి వెళ్లింది.